తోలు తిత్తులు మోసినవాళ్లు



పోయిన వారం డిగ్రీ పిల్లలకు సాహిత్య చరిత్ర చెబుతున్నాను. నవల యూనిట్. అందులో చారిత్రక నవలకు ఇచ్చిన చోటు ఒక్క పేరా. ఆ పేరాలో పేర్లు వరసగా ఉంటాయి. పరీక్షలో రెండు మార్కుల ప్రశ్నగా తప్ప వాటితో ఎవరికీ పని పడదు. వాటిలో ఒకటి కేతవరపు వెంకటశాస్త్రి, 'రాయచూరు యుద్ధము'. ముందు బెంచీ అమ్మాయి అడిగింది, "ఈయన ఎవరు సార్?" అని. చెప్పడం మొదలుపెట్టాను. వెనక బెంచీ నుంచి ఒక పిల్లాడు, "ఆ యుద్ధంలో మనోళ్లు ఉన్నారా సార్?" అన్నాడు. క్లాసంతా నవ్వింది. వాడు నవ్వలేదు.

మొదటి ప్రశ్నకు క్లాసులోనే జవాబు చెప్పాను. రెండోదానికి చెప్పేలోపు బెల్లు కొట్టారు. అప్పటినుంచీ ఆ ప్రశ్న నన్ను వదలడం లేదు. ఈవారం వ్యాసం ఆ పిల్లాడికి బాకీ.

ముందు రచయిత సంగతి. కేతవరపు వెంకటశాస్త్రి 1910లలో మధ్యయుగాల కథలను నవలలుగా రాసినవాడు. 1914 ప్రాంతంలో వచ్చిన 'రాయచూరు యుద్ధము'లో ఆయన ఎత్తుకున్నది శ్రీకృష్ణదేవరాయలకూ బిజాపూరు ఆదిల్‌షాకూ 1520లో జరిగిన యుద్ధం. పృథ్వీరాజు కాలపు రాజపుత్ర కథతో 'ఇచ్ఛినీకుమారి' రాశాడు. ఒకటి దక్కను, ఇంకొకటి రాజపుతానా. రెండింట్లోనూ రాజులు, కోటలు, పరువు కోసం కత్తి దూయడాలు. తెలుగులో చారిత్రక నవల అనే దారి పడుతున్న రోజుల్లో ఆ దారిలో ముందు నడిచినవాళ్లలో ఆయనొకడు. ఇవాళ ఆయన నవల చదివినవాళ్లు మీలో ఎవరైనా ఉంటే కామెంటులో చెప్పండి. తెలుగు ఎం.ఎ. చేసినవాళ్లలో కూడా చాలామందికి పేరు తప్ప పుస్తకం తెలియదు. పిహెచ్‌డి పనిమీద లైబ్రరీల్లో తిరుగుతున్నప్పుడే నాకూ ఆ పేజీలు తగిలాయి. పట్టుకుంటే పెళుసుగా విరిగే కాగితాలు, సరళ గ్రాంథికం, పాత అచ్చు.

ఆయన ఒంటరిగా రాయలేదు. వెనకాల ఒక పెద్ద కదలిక ఉంది. అది తెలియకపోతే పిల్లాడి ప్రశ్నకు జవాబు దొరకదు. సంవత్సరాలు కొంచెం ఓపిగ్గా చూడండి.

1900లో రాబర్ట్ సీవెల్ అనే మద్రాసు సివిల్ సర్వీసు అధికారి విజయనగరం మీద ఇంగ్లీషులో ఒక పుస్తకం అచ్చేశాడు. పేరులోనే 'మరచిపోయిన సామ్రాజ్యం' అని పెట్టాడు. మరుసటి ఏడాది, 1901లో, హైదరాబాదులో తెలుగువాళ్లు ఒక గ్రంథాలయం పెట్టుకున్నారు. దాని పేరు శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం. నిజాం రాజధానిలో తెలుగు గ్రంథాలయానికి రాయలవారి పేరు ఎందుకు పెట్టుకున్నారో ఊహించడం కష్టం కాదు. 1906లో అదే ఊళ్లో విజ్ఞాన చంద్రికా మండలి పుట్టింది. కొమర్రాజు వేంకట లక్ష్మణరావు, గాడిచర్ల హరిసర్వోత్తమరావు, రావిచెట్టు రంగారావు, అయ్యదేవర కాళేశ్వరరావు వంటివాళ్లు దాని వెనక ఉన్నారు. 1910లో మండలి చిలుకూరి వీరభద్రరావు 'ఆంధ్రుల చరిత్రము' మొదటి భాగం వేసింది. 1913లో బాపట్లలో తొలి ఆంధ్ర మహాసభ జరిగింది. మనకొక భాష ఉంది, మనకొక రాష్ట్రం కావాలి అన్నారు. రాష్ట్రం కావాలంటే చరిత్ర చూపించాలి. మండలి నవలల పోటీలు పెట్టింది, ఆంధ్రుల చరిత్రను కథలుగా రాయమని ప్రోత్సహించింది. ఆ ఊపులో వచ్చినవే 'రాయచూరు యుద్ధము', దుగ్గిరాల రాఘవచంద్రయ్య 'విజయనగర సామ్రాజ్యము', భోగరాజు నారాయణమూర్తి 'విమలాదేవి'.

అంటే ఆ నవలలకు ఒక పని అప్పగించారు. చదువుకున్న తెలుగువాడికి 'నువ్వు ఒకప్పుడు గెలిచినవాడివి' అని గుర్తు చేయడం ఆ పని. తెల్లదొర కింద గుమాస్తాగా బతుకుతున్నవాడికి ఆ మాట అవసరమే. ఆ అవసరాన్ని నేను ఎగతాళి చేయను. మనకూ ఆ అవసరం ఉంది కాబట్టే ఇవాళ ఇది రాస్తున్నాను.

ఒక చిన్న వివరం దగ్గర మాత్రం ఆగుదాం. అదే మండలి 1907లో వేసిన తొలి పుస్తకం గాడిచర్ల రాసిన 'అబ్రహాము లింకను చరిత్ర'. బానిసత్వాన్ని రద్దు చేసిన మనిషి కథతో మొదలైన సంస్థ అది. అమెరికాలో బానిసల సంగతి తెలుగు పాఠకుడు తెలుసుకోవాలని వాళ్లకు తోచింది. అదే ఊళ్లో, అదే 1906లో, మరో సంస్థ పుట్టింది. మాదరి భాగయ్య, మనకు భాగ్యరెడ్డి వర్మ, జగన్మిత్ర మండలి పెట్టాడు. హరికథలతో, ఉపన్యాసాలతో మాలమాదిగ పేటల్లో పని మొదలుపెట్టాడు. ఆయన కూడా చరిత్రే మాట్లాడాడు. మనం ఈ నేలకు మొదటి మనుషులం అన్నాడు. 1917లో బెజవాడలో పంచముల పేరుతో పిలిచిన మహాసభకు అధ్యక్షత వహించి, పంచములు అన్న పేరు వద్దని, మనం ఆది ఆంధ్రులమని చెప్పించాడు.

ఒకే ఏడాది, ఒకే ఊరు, రెండు మండలులు. రెండూ గతంలోకి వెళ్లి గౌరవం వెతికాయి. ఒక మండలి పేరు ప్రతి సాహిత్య చరిత్రలో ఉంటుంది. రెండోదాని పేరు నా ఎం.ఎ. సిలబస్‌లో లేదు. నాకది తెలిసింది ఒక అంబేడ్కర్ జయంతి మీటింగులో.

ఇప్పుడు యుద్ధంలోకి వెళ్దాం.

రాయచూరు యుద్ధం గురించి అంత విస్తారంగా రాసిపెట్టినవాడు ఫెర్నావో న్యూనిజ్ అనే పోర్చుగీసువాడు. గుర్రాల వ్యాపారం మీద విజయనగరం వచ్చి, 1535 ప్రాంతంలో రాశాడు. అతనికంటే ముందు, యుద్ధం జరిగిన రోజుల్లోనే, డొమింగో పాయెస్ అనే ఇంకో పోర్చుగీసువాడు ఆ నగరాన్ని చూసి రాశాడు. ఈ రెండింటినీ ఇంగ్లీషులోకి తెచ్చి సీవెల్ తన పుస్తకంలో కలిపాడు. కాబట్టి 1914లో రాయచూరు మీద రాయాలనుకున్న ఏ చదువుకున్న తెలుగువాడికైనా ఈ ఇద్దరి రాతలూ అందుబాటులో ఉన్నాయి.

న్యూనిజ్ చెప్పిన ప్రకారం గొడవ ఒక గుర్రాల బేరంతో మొదలైంది. గుర్రాలు కొనుక్కురమ్మని రాయలు ఒక ముస్లిం వ్యాపారి చేతికి 40,000 పర్దావులు ఇచ్చి గోవాకు పంపాడు. అతను ఆ డబ్బుతో ఆదిల్‌షా దగ్గరికి పారిపోయాడు. ఆదిల్‌షా అతన్ని అప్పగించలేదు. రాయచూరు కోట మీదికి రాయల సైన్యం కదిలింది. ఇందులో హిందూ ముస్లిం మతయుద్ధం వెతికేవాళ్లు ఇవాళ చాలామంది ఉన్నారు. వాళ్లకు రెండు మాటలు చెప్పండి. రాయల సైన్యంలో ముస్లిం సైనికులు ఉన్నారు. రాయలు పెట్టుకున్న బిరుదుల్లో 'యవనరాజ్య స్థాపనాచార్య' కూడా ఒకటి.

ఆ సైన్యం లెక్క న్యూనిజ్ ఇచ్చాడు. కాల్బలం 7,03,000, గుర్రాలు 32,600, ఏనుగులు 551. ఏ నాయకుడు ఎంతమందితో వచ్చాడో కూడా రాశాడు. కామానాయకుడు 30,000 మంది కాల్బలంతో ముందు నడిచాడు. రాజుకు తాంబూలం అందించే పరిచారకుడొకడు కూడా 15,000 మందితో వచ్చాడు. ఈ అంకెలు ఎక్కువ చేసి చెప్పినవని అనుకుందాం. సగం చేయండి, పావు చేయండి. అయినా లక్షల్లోనే ఉంటారు. కామానాయకుడి పేరు ఉంది. అతని వెనక నడిచిన 30,000 మందిలో ఒక్కడి పేరూ లేదు.

నేను చదువుతూ చదువుతూ ఆగిపోయిన చోటు ఇంకొకటి ఉంది. ఆ సైన్యం నడిచే దారిలో నీళ్లు ఇవ్వడానికి పదీ పన్నెండు వేలమంది తోలు తిత్తులు పట్టుకుని ఉన్నారని న్యూనిజ్ రాశాడు. సైన్యం దాహంతో పడిపోకుండా వాళ్లు దారి పొడుగునా నిలబడ్డారట. ఒక్క వాక్యం. ఆ వాక్యం దాటి అతను మళ్లీ గుర్రాల దగ్గరికి వెళ్లిపోయాడు.

నేను వెళ్లలేకపోయాను. మా అబ్బ, అంటే మా నాయన నాయన, కర్నూలు పక్క పల్లెలో కపిల బానలు కుట్టేవాడు. బావిలోంచి ఎద్దులతో నీళ్లు తోడే కపిలకు తోలు తొండం కావాలి. అది చినిగితే ఊరి పొలాలు ఎండుతాయి. మా అబ్బ పచ్చితోలు సున్నంలో నానబెట్టి, బూరు తీసి, తంగేడు చెక్క వేసిన లందలో వారాలపాటు ఊరబెట్టి, రంపెతో కోసి, ఆరెతో పొడిచి కుట్టేవాడు. ఆయన కుట్టిన తొండంలోంచి పడిన నీళ్లతో ఊరంతా వరి పండించుకుంది. ఆ బావి గిలక మీద చెయ్యి వేయడానికి మాత్రం మా అబ్బకు హక్కు లేదు. తాగే నీళ్లు కావాలంటే బావి దగ్గర కుండ పెట్టి, ఎవరో ఒకరు దయతలిచి పోసేదాకా ఎండలో నిలబడాలి. మా నాయనమ్మ అలా నిలబడడం మా నాయన చూశాడు. ఆ మాట చెప్పేటప్పుడల్లా ఆయన గొంతు మారేది.

పదివేల తిత్తులు కావాలంటే పదివేల మేకల, గొర్రెల, దూడల తోళ్లు కావాలి. ఎవరో వొలవాలి, ఎవరో ఊరబెట్టాలి, ఎవరో కుట్టాలి. దక్కనులో ఆ పని ఏ కులానిదో నేను వేరే చెప్పనక్కర్లేదు. ఒక్క తిత్తులేనా? గుర్రానికి జీను తోలు, కళ్లెం తోలు. డాలుకు తోలు. యుద్ధభేరికి తోలు. కాళ్లకు చెప్పులు తోలు. 32,600 గుర్రాలు అంటే 32,600 జీన్లు. రాయచూరు కోట కిందికి వెళ్లిన సైన్యం తోలు మీద నడిచింది. అంటే మాదిగ చేతి మీద నడిచింది. ఆ తిత్తుల్లోని నీళ్లు తాగేటప్పుడు ఏ సైనికుడికైనా అంటు గుర్తొచ్చిందా? యుద్ధంలో తోలు నీళ్లు తాగినవాడు ఊరికొచ్చి మన కుండను ఎందుకు తోసేశాడు?

ఇలాంటిదే పాయెస్ రాసిన ఇంకో సంగతి. ఇవాళ్టి హోస్పేట దగ్గర రాయలు పెద్ద చెరువు కట్టిస్తున్నాడు. పదిహేను ఇరవై వేలమంది అక్కడ పని చేస్తుండగా తాను చూశానని, చీమల్లా కనబడ్డారని, వాళ్ల కింద నేల కనబడలేదని అన్నాడు. కట్ట రెండు మూడుసార్లు తెగిందట. బలి ఇవ్వాలన్నారట. రాజు ఆజ్ఞతో 60 మంది మనుషులను, కొన్ని గుర్రాలను, దున్నలను బలి ఇచ్చారట. న్యూనిజ్ ఇదే కథ చెబుతూ, వాళ్లు మరణశిక్షకు తగిన ఖైదీలని అన్నాడు. ఎవరా ఖైదీలు? ఏ నేరం చేశారు? పేర్లు లేవు.

సరిగ్గా సీవెల్ పుస్తకం వచ్చిన రోజుల్లోనే కట్టమంచి రామలింగారెడ్డి 'ముసలమ్మ మరణము' కావ్యం రాశాడు. అనంతపురం పక్కన బుక్కరాయసముద్రం చెరువు కోసం ప్రాణమిచ్చిన రెడ్డింటి కోడలి కథ. గొప్ప కావ్యమని మనం పాఠం చెబుతాం. గొప్పదే. చెరువు కోసం చచ్చిన ఒక కోడలికి కావ్యం దొరికింది. చెరువు కోసం తలలు తెగిన అరవై మందికి ఒక పోర్చుగీసువాడి వాక్యం దొరికింది.

శాస్త్రిగారి మీద చార్జిషీటు రాయడం నా ఉద్దేశం కాదు. ఒక మనిషిని బోను ఎక్కించడం తేలిక. చూడాల్సింది ఆ ప్రక్రియ మొత్తం ఎటు ముఖం పెట్టిందో. ఆ కాలపు చారిత్రక నవలకు రాజు కావాలి, మంత్రి కావాలి, సేనాని కావాలి, మారువేషంలో తిరిగే వీరుడు కావాలి, అతన్ని ప్రేమించే రాకుమారి కావాలి. స్కాట్ నుంచీ బంకించంద్రుడి నుంచీ వచ్చిన అచ్చు అది. ఆ అచ్చులో తిత్తి పట్టుకున్నవాడికి ఖాళీ లేదు. రాసినవాడు మంచివాడా చెడ్డవాడా అన్నది తర్వాతి మాట.

"ఆ కాలంలో అందరూ అలాగే రాశారు సార్, ఇవాళ్టి కళ్లతో చూడకూడదు" అని ఒక సీనియర్ మిత్రుడు నాతో అన్నాడు. కానీ ఆ కాలంలోనే ఇంకో రకం కథ ఉంది. అచ్చులో కూడా ఉంది. 1911లో అక్కిరాజు ఉమాకాంతం 'పల్నాటి వీరచరిత్ర' అచ్చు వేయించాడు. 12వ శతాబ్దపు కథ. అందులో బ్రహ్మనాయుడు కొడుకులా చూసుకున్న సేనాని మాల కన్నమదాసు. అందులో చాపకూడు ఉంది, అన్ని కులాలూ ఒకే చాప మీద తిన్న కూడు. ఆ కథను కారెంపూడిలో తరతరాలుగా పాడుతున్న వీరవిద్యావంతులు మాలలు. కాటమరాజు కథలో మాదిగ బీరినీడు వీరుడు. అంటే మధ్యయుగపు తెలుగు యుద్ధాన్ని పాడినప్పుడు జనం మాలను, మాదిగను కత్తి పట్టుకున్నవాళ్లుగానే గుర్తు పెట్టుకున్నారు. ఎవరూ పోటీ పెట్టి బహుమతి ఇవ్వకపోయినా గుర్తు పెట్టుకున్నారు. కొత్తగా వచ్చిన నవల అనే ప్రక్రియ చరిత్ర రాయడానికి కూర్చున్నప్పుడు ఆ గుర్తును అరుగు కిందే వదిలేసింది. కాబట్టి 'ఆ కాలం' అనే సాకు చెల్లదు. ఆ కాలంలో కన్నమదాసు ఉన్నాడు. ఏటా కార్తీకంలో కారెంపూడికి వెళ్లేవాళ్లకు ఇవాళ్టికీ ఉన్నాడు.

ఇక మన పిల్లాడి ప్రశ్నకు వస్తాను. ఆ యుద్ధంలో మనోళ్లు ఉన్నారా?

ఉన్నారు తమ్ముడూ. దారి పొడుగునా ఉన్నారు. నీళ్ల తిత్తుల్లో ఉన్నారు, జీన్లలో ఉన్నారు, భేరి తోలులో ఉన్నారు, పేర్లు లేని ఆ కాల్బలంలో ఉన్నారు. వాళ్లను రాయలేదు, అంతే.

ఇక్కడ ఒక తేడా గమనించండి. వెంకటశాస్త్రిని మనం మరచిపోయాం. ఆయన పేరు కనీసం ఒక జాబితాలో మిగిలింది. పుస్తకం ఏదో ఒక బీరువాలో ఉంది. రేపు ఎవరైనా దుమ్ము దులిపితే ఆయన తిరిగి వస్తాడు. సీవెల్ మరచిపోయిన సామ్రాజ్యం అన్నది కూడా పదిహేనేళ్లలో గ్రంథాలయం పేరుగా, నవలగా తిరిగి వచ్చింది. మరచిపోయినదాన్ని గుర్తు చేసుకోవచ్చు. అసలు రాయనిదాన్ని ఎక్కడ దులపాలి?

అందుకే మీకు నా విన్నపం. ఇలాంటి పాత నవలలను 'బ్రాహ్మణ సాహిత్యం' అని పక్కకు నెట్టేయకండి. చదవండి. కాపీలు దొరికితే స్కాన్ చేసి దాచండి. ఒక జాతి తనకు కావాల్సిన గతాన్ని ఎలా కట్టుకుందో అవి చూపిస్తాయి. గ్రంథాలయం పెట్టి, చరిత్ర పుస్తకం వేసి, పోటీ పెట్టి, నవల రాయించి, సభ జరిపి, పదిహేనేళ్లలో ఆ పని చేశారు. ఆ పద్ధతి నేర్చుకోదగ్గది. భాగ్యరెడ్డి వర్మ కూడా అదే చేశాడు. హరికథ, సభ, పేరు మార్పు, చివరికి 1931లో మొదలైన 'భాగ్యనగర్' పత్రిక, అందులో 'వెట్టి మాదిగ' రచన. రాజుల నవల తర్వాత వెట్టి మనిషి పేరుతో ఈ రచన రావడానికి పదిహేడేళ్లు పట్టింది. అదీ మన మనిషే రాయాల్సి వచ్చింది.

పరిశోధన చేయబోయే పిల్లలకు ఒక చిన్న పని చెబుతాను. ఏదైనా ఒక చారిత్రక నవల తీసుకోండి. పక్కన తెల్లకాగితం పెట్టుకోండి. రాజు నీళ్లు తాగిన ప్రతిచోటా ఆ నీళ్లు ఎవరు తెచ్చారో రాయండి. గుర్రం పరుగెత్తిన ప్రతిచోటా జీను ఎవరు కుట్టారో రాయండి. కోట కనబడితే రాయి ఎవరు మోశారో రాయండి. నవల ముగిసేసరికి మీ కాగితం మీద ఇంకో నవల ఉంటుంది. మీ ఊళ్లో ఎనభై దాటిన తాతలు, అవ్వలు ఇంకా ఉంటే ఆ కాగితం తీసుకుని వాళ్ల దగ్గర కూర్చోండి. మా అబ్బ పోయేనాటికి నాకు ఏడేళ్లు. ఆయన లంద గురించి నాకు తెలిసిందంతా నాయన చెప్పిందే. నేరుగా అడిగే వయసు నాకు వచ్చేలోపు ఆయన లేడు.

సోమవారం అదే క్లాసు ఉంది. వెనక బెంచీ పిల్లాడికి న్యూనిజ్ రాసిన ఆ ఒక్క వాక్యం బోర్డు మీద రాసి చూపిస్తాను. ఆ పదివేల మందిలో ఒకడికి పేరు పెట్టి రాయరా అని అడుగుతాను. ఈసారి క్లాసు నవ్వదనుకుంటున్నాను.

జై భీమ్.